ఎనిమిదేళ్ళప్పుడు జరిగింది ముప్పై నాలుగేళ్ళకు కడుపునొప్పిగా ఎందుకొస్తుంది?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు ముందు చెప్తాను.

మీకు 34 ఏళ్ళు, అమలాపురం దగ్గర పల్లె. మీకు ఏడేళ్ళప్పుడు అమ్మ కువైట్ వెళ్ళింది, మీరు నాలుగేళ్ళు అమ్మమ్మ ఇంట్లో పెరిగారు. అమ్మకు వరసకు తమ్ముడయ్యే ఆయన ఆ రోజుల్లో మిమ్మల్ని చాలాసార్లు లైంగికంగా వేధించాడు. ఒకసారి అమ్మమ్మతో చెబితే "మావయ్యేగా, సరసమాడుంటాడు, ఎక్కడా అనకు" అంది. ఆ తర్వాత మీరు ఎవరితోనూ అనలేదు, పెళ్ళయ్యాక భర్తతో కూడా. పదిహేనేళ్ళుగా పొత్తికడుపులో నొప్పి, ఎన్ని స్కానింగులు తీసినా నార్మల్. ఇప్పుడు పాపకు ఎనిమిదో ఏడు వచ్చింది. అప్పటినుంచి నిద్ర లేదు, గుండెదడ, భర్త చెయ్యి తగిలినా ఒళ్ళు బిగుసుకుపోతోంది. గర్భసంచి తీయించేసుకోమని ఒక డాక్టరు సలహా ఇచ్చారు. పైగా ఈ సంక్రాంతికి ఆ మావయ్య మీ ఇంట్లోనే దిగుతాడట. "అప్పుడెప్పుడో అయిపోయినదానికి ఇప్పుడు ఇదంతా ఎందుకు? నాకు పిచ్చెక్కుతోందా? అసలు తగ్గుతుందా?" అని అడిగారు.

పిచ్చి కాదు. తగ్గుతుంది. అసలేమీ జరగనట్టు మర్చిపోతారని మాత్రం చెప్పను. అది గుర్తొచ్చినా ఆ రోజు పనులు ఆగిపోకుండా, నిద్ర చెడిపోకుండా ఉండే స్థితికి మాత్రం వస్తారు. అలా వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఇరవై రెండేళ్ళుగా కాకినాడలోనూ కోనసీమలోనూ ఇదే పని. "చిన్నప్పుడు నాకిలా జరిగింది" అంటూ నేరుగా వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కడుపులో నెప్పండీ అని వస్తారు, తలపోటండీ అని వస్తారు, అమ్మాయికి ఫిట్సండీ అని తీసుకొస్తారు. అసలు మాట మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు, చెప్పులేసుకుని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చెప్తారు. (కింద నేను చెప్పే మనుషుల ఊరు, వయసు, పని అన్నీ మార్చేశాను.)

ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు అంటే, పాప వయసే కారణం. తమ బిడ్డ సరిగ్గా తమకు అది జరిగిన వయసుకు వచ్చేసరికి పాతదంతా పైకి తేలడం నేను ఎంతమందిలో చూశానో చెప్పలేను. పాప రెండు జడలేసుకుని స్కూలుకు వెళ్తుంటే మీరు మొదటిసారి ఆ వయసు పిల్ల ఎంత చిన్నదో బయటినుంచి చూస్తున్నారు. ఇన్నాళ్ళూ మీ లోపల ఆ పిల్ల "నేను అరవాల్సింది, పారిపోవాల్సింది" అని తనను తాను తిట్టుకుంటూ పెరిగింది. ఇప్పుడు ఎదురుగా ఉన్న పాపను చూస్తే, ఇంత పిల్ల ఏం చేయగలదు అని తెలుస్తోంది. అది తెలియడమే కష్టం. ఇంకో కారణం కూడా ఉంది. పెళ్ళి, కాన్పు, అత్తవారిల్లు, చాకిరీ, ఇన్నేళ్ళూ మీకు ఊపిరి సలపలేదు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే నీళ్ళు తగ్గి, అడుగున ఎప్పుడో పడ్డవన్నీ బయటపడతాయి చూడండి, అలాగన్నమాట. అవి ఆ వేసవిలో వచ్చి పడ్డవి కావు.

కొందరికి ఇది కాన్పు సమయంలో వస్తుంది. కొందరికి ఆ మనిషి చచ్చిపోయాడని కబురు తెలిసిన రోజు వస్తుంది. ఊరంతా వెళ్ళి పరామర్శిస్తుంటే వీళ్ళకు ఏడవాలో నవ్వాలో తెలియదు.

ఇక ఒంటి సంగతి. కాకినాడ పోర్టులో తుఫాను వస్తోందంటే ప్రమాద సూచిక ఎగరేస్తారు, తుఫాను తీరం దాటాక దించేస్తారు. మన మెదడులోనూ అలాంటి ఏర్పాటు ఉంది. అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది, వెంటనే అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఒళ్ళంతా పాకుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణం మందగిస్తుంది. ప్రమాదం పోయాక అన్నీ సర్దుకోవాలి. కానీ ప్రమాదం ఇంట్లోనే ఉంటే, రేపు మళ్ళీ వస్తుందని తెలిసి ఏ గంటకో తెలియకపోతే, ఎదుగుతున్న పిల్ల ఒంట్లో ఆ సూచిక ఎగిరి ఉన్నదే మామూలు స్థితి అయిపోతుంది. మీరు అమ్మమ్మ ఇంట్లో నాలుగేళ్ళు ఆ సూచిక కిందే పడుకున్నారు. దించమని చెప్పాల్సిన పెద్దవాళ్ళు "ఎక్కడా అనకు" అన్నారు.

దాంతో ఏమవుతుందంటే, పొట్ట, తొడలు, పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు ఏళ్ళ తరబడి మీకు తెలియకుండానే బిగబట్టుకుని ఉంటాయి. రోజంతా పిడికిలి బిగించి ఉంచితే సాయంత్రానికి చెయ్యి లాగుతుంది కదా, ఇదీ అంతే. పేగులకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు ఎప్పుడూ నడుస్తుంటాయి కాబట్టి కొందరికి కడుపునొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో, కడుపుబ్బరమో ఉంటుంది. దీన్ని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారు. నొప్పిని కొలిచే వ్యవస్థ కూడా మారిపోతుంది. మామూలుగా పట్టించుకోనంత చిన్న లాగుడు కూడా భరించలేని నొప్పిగా మెదడుకు చేరుతుంది. నొప్పి మీరు కల్పించుకున్నది కాదు, "అంతా మనసులోదే" అని ఎవరైనా అంటే నమ్మకండి. స్కానింగు గడ్డల్నీ వాపుల్నీ చూపిస్తుందిగానీ బిగుసుకుపోయిన కండరాన్నీ ఉలిక్కిపడే నరాన్నీ చూపించదు.

గర్భసంచి గురించి మాత్రం నేను కాస్త గట్టిగా చెప్పాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారి శాతం దేశం మొత్తం మీద ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, దాదాపు తొమ్మిది. మన వైపు ఇది పంటి నొప్పికి పన్ను పీకించుకున్నంత తేలిక వ్యవహారం అయిపోయింది. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది" అంటారు. నిజంగా అవసరమైన జబ్బులు ఉన్నాయి, ఆగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, క్యాన్సర్ భయం, నేను కాదనడం లేదు. కానీ అన్ని రిపోర్టులూ నార్మల్ అయి, నొప్పి ఒక్కటే కారణమైతే, తీసేశాక కూడా నొప్పి ఉండిపోయిన ఆడవాళ్ళను నేను చూశాను. ఒకావిడ ఆపరేషనయ్యాక రెండేళ్ళకు వచ్చి "తీసేశారండీ, కానీ నెప్పి దానిలో లేదంట" అంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పైల్లోనే ముట్లుడిగిన స్థితి వస్తుంది, ఎముకలకూ గుండెకూ అది మంచిది కాదు. కాబట్టి సంతకం పెట్టే ముందు ఇంకో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది గర్భసంచి బయట పెరగడం) లాంటివి లేవని నిర్ధారించుకోండి. అవి స్కానింగులో ఒక్కోసారి దొరకవు కూడా. మనసుకు గాయం ఉంది కదా అని ఒంటి జబ్బును వదిలేయకూడదు.

గైనిక్ పరీక్షంటేనే మీకు చెమటలు పడతాయని రాశారు. చాలామంది ఇదే భయంతో పరీక్షలు వాయిదా వేసుకుంటూ పోతారు, దంతాల డాక్టరు కుర్చీలో పడుకోవడానికి కూడా భయపడేవాళ్ళున్నారు. డాక్టరుతో కథంతా చెప్పక్కర్లేదు. "నాకు చిన్నప్పటి కారణాల వల్ల ఈ పరీక్షంటే భయం. ఏం చేస్తున్నారో ముందే చెప్పి చెయ్యండి, ఆగమంటే ఆగండి" అంటే చాలు. అర్థం చేసుకోని డాక్టరైతే మార్చేయండి.

చిన్నప్పటి దెబ్బకూ పెద్దయ్యాక జబ్బుకూ సంబంధం ఉందని వైద్యులకు తెలిసిన తీరు కూడా విచిత్రమే. 1980లలో అమెరికాలోని శాన్‌డియెగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు స్థూలకాయానికి చికిత్స నడిపేవాడు. బాగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతుంటే ఆయనకు అంతుబట్టలేదు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు లైంగిక వేధింపుకు గురయ్యారని తేలింది. లావుగా ఉంటే ఎవరి చూపూ పడదని, ఆ ఒళ్ళే వాళ్ళకు గోడ. గోడ కరుగుతుంటే భయం వేసి పారిపోయారు. ఆ తర్వాత ఆయన, రాబర్ట్ ఆండా అనే ఇంకో డాక్టరు కలిసి 17 వేలకు పైగా పెద్దవాళ్ళను చిన్నప్పటి కష్టాల గురించి అడిగి వాళ్ళ ఆరోగ్యంతో పోల్చి చూశారు, మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. వేధింపు, కొట్టడం, ఇంట్లో తాగుడు, అమ్మను కొట్టడం లాంటివి నాలుగు రకాలు లేదా అంతకంటే ఎక్కువ అనుభవించినవాళ్ళకు, అసలేమీ లేనివాళ్ళతో పోలిస్తే, తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండెజబ్బులకూ ఊపిరితిత్తుల జబ్బులకూ కూడా సంబంధం కనిపించింది. ఇది విని భయపడొద్దు. ముప్పు ఎక్కువంటే వచ్చి తీరుతుందని కాదు. బీపీ, షుగరు చూపించుకోవడం మీకు ఇంకాస్త ముఖ్యం, అంతే.

ఫిట్స్ సంగతి కూడా చెప్తాను, మీకు ఒకటి రెండుసార్లు స్పృహ తప్పిందన్నారు కాబట్టి. అంబాజీపేట వైపునుంచి ఒక డిగ్రీ అమ్మాయిని తీసుకొచ్చారు. కళ్ళు తేలేసి, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. గాలి సోకిందని ముందు తాయెత్తు కట్టించారు, తర్వాత మూర్ఛ మందులు వాడించారు. మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్షలో ఏమీ లేదు. తీరా చూస్తే అవన్నీ ఒకే ఇంట్లో వస్తున్నాయి, పెద్దనాన్న ఇంట్లో. ఆ ఇంటి అటక మీద కురిడీ కొబ్బరి నిల్వ పెడతారు. ఆ అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు ఆ అటక కింది గదిలోనే జరిగింది. కురిడీ వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళు అక్కడికి వెళ్ళిపోతుంది, మనసు ఒంటిని వదిలేసి పారిపోతుంది. అమ్మాయి నటించడం లేదు, దయ్యమూ పట్టలేదు. జ్ఞాపకం ఎప్పుడూ మాటల్లోనే దాక్కోదు. వాసనలో, తలుపు గడియ చప్పుడులో, ఒక రకం తలనూనెలో కూడా ఉంటుంది. మీ భర్త చెయ్యి మీ భుజం మీద పడ్డప్పుడు బిగుసుకున్నది ఆయన్ని చూసి కాదు. అయితే ఒకటి, స్పృహ తప్పడాన్ని "ఇదే అయ్యుంటుంది" అని మీకు మీరే తేల్చేయకండి. న్యూరాలజిస్టు ఒకసారి చూడాలి.

"ఎందుకు అరవలేదు" అన్న ప్రశ్న మిమ్మల్ని తినేస్తోందని రాశారు. పాము ఎదురుగా ఉన్న కప్పను చూశారా? గెంతగలదు, కానీ కదలదు. పారిపోలేనప్పుడు, తిరగబడలేనప్పుడు ఒళ్ళు తనంతట తానే గడ్డకట్టుకుపోతుంది. పెద్ద మగవాళ్ళకు కూడా జరుగుతుంది. అది ఒప్పుకోవడం కాదు. "ఆయన తెచ్చిన ఐసు తిన్నాను, గాజులు తీసుకున్నాను" అనీ రాశారు. అమ్మ దూరంగా ఉన్న పిల్ల ఐసు తీసుకోక ఏం చేస్తుంది? వాళ్ళు ఇచ్చేది అందుకే, రేపు మీరే మిమ్మల్ని తప్పుపట్టుకోవాలని.

మనసు మీద పడే దెబ్బ ఏడుపు రూపంలోనే ఉంటుందని అనుకుంటారు. నేను ఎక్కువగా చూసేది దానికి తలకిందులు. పొద్దున నాలుగింటికి లేచి రాత్రి పదకొండు దాకా పని చేసే కోడళ్ళు, ఎవరు ఏం అడిగినా కాదనలేనివాళ్ళు, అందరి మొహాలూ చూసి ఎవరికి కోపం వస్తుందో ముందే కనిపెట్టేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళకు మంచి పేరు. ఆ ఓపిక ఎక్కడ నేర్చుకున్నారో ఎవరూ అడగరు. కొందరికి సంతోషం కూడా అద్దం వెనకనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. కొందరు చేతులు కోసుకుంటారు. ఇలా చాలాకాలం సాగిన వేధింపు తర్వాత వచ్చే స్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో, 2022 నుంచి అమల్లో ఉన్న దానిలో, ప్రత్యేకంగా పేరు పెట్టింది: కాంప్లెక్స్ పీటీఎస్‌డీ. పీడకలలూ ఉలికిపాట్లతో పాటు, తన మీద తనకు అసహ్యం, కోపతాపాలు చేతిలో ఉండకపోవడం, మనుషుల్ని దగ్గరికి రానివ్వలేకపోవడం దాని లక్షణాలు. మీరు రాసిన దాన్ని బట్టి రోగం పేరు తేల్చడం నా పని కాదు, ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళు తేల్చాలి. కానీ దానికి ఒక పేరుందని, వైద్యం ఉందని తెలిస్తేనే కొందరికి సగం బరువు దిగుతుంది.

అమ్మ మీద కోపం గురించి రెండే మాటలు రాశారు: "మా కోసమే కదా వెళ్ళింది." మన ప్రాంతంలో గల్ఫుకు వెళ్ళిన తల్లుల పిల్లల్లో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఆ డబ్బుతో ఇల్లు కట్టారు, పెళ్ళి చేశారు, కాబట్టి కోపం రాకూడదని నోరు నొక్కుకుంటారు. రెండూ నిజం కావచ్చమ్మా. ఆవిడ మీ కోసమే వెళ్ళింది, ఆవిడ లేకపోవడం వల్లే మీకు కాపు లేకుండా పోయింది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

మన వైపు ఇంకో చిక్కు, వరసలు. మేనమామ, బావ వరసైతే సరసమాడొచ్చని, పిల్ల ముడుచుకుపోతే "సిగ్గు" అని నవ్వుతారు. మేనరికాలు ఉన్న చోట ఈ ముసుగు ఇంకా మందంగా ఉంటుంది. సరసం ఇద్దరికీ సరదాగా ఉండాలి, నలుగురి ముందూ చేయగలిగేదిగా ఉండాలి. తలుపేసి చేసేదీ, ఎవరికీ చెప్పొద్దనేదీ సరసం కాదు. మీ అమ్మమ్మకు ఇది తెలియదని నేను అనుకోను. ఆవిడ ఎంచుకున్నది పరువు. నా అనుభవంలో, జరిగినదాని తర్వాత ఇంట్లోవాళ్ళు అన్న మాట కూడా జరిగినదంత లోతుగానే గుచ్చుకుంటుంది. చెప్పిన వెంటనే నమ్మి అక్కున చేర్చుకున్న పిల్లలు చాలా త్వరగా తేరుకుంటారు.

మీ ఒక్కరికే జరిగిందనుకోకండి. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి నివేదిక వేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పినవాళ్ళు 53 శాతం. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఇంకో సంగతి, బాధితుల్లో మగపిల్లలు ఆడపిల్లలకంటే కాస్త ఎక్కువే. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయన్ని తాగుడు మాన్పించమని భార్య తీసుకొచ్చింది. హాస్టల్లో చదివేటప్పుడు వార్డెను చేసిన పని ఆయన ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. "మగాణ్ణండీ, ఎవరికి చెప్పుకుంటాను" అన్నాడు. తాగుడు మాన్పించడానికి మూడుసార్లు ప్రయత్నించి విఫలమైనవాళ్ళెవరూ చిన్నప్పుడు ఏమైనా జరిగిందా అని అడగలేదు.

మీ ఇంకో భయం, "నాకు జరిగింది కాబట్టి నేనూ పాపకు ఏదైనా హాని చేస్తానేమో, స్నానం చేయించాలన్నా చేతులు వణుకుతున్నాయి" అన్నది. వేధింపుకు గురైనవాళ్ళు వేధించేవాళ్ళవుతారన్నది సినిమాల్లో మాట. అత్యధికులు కారు. చేతులు వణుకుతున్నాయంటే మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నారో దాన్నిబట్టే తెలుస్తోంది. పాపకు నిశ్చింతగా స్నానం చేయించండి.

వైద్యం గురించి. ఈ రకం గాయానికి బాగా పరీక్షించి చూసిన పద్ధతులు రెండు: గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) ఒకటి, ఈఎండీఆర్ (కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే ఈ రెండింటినీ సిఫారసు చేసింది. మొదటి రోజే అంతా చెప్పమనరు. ముందు నిద్ర, భయం అదుపులోకి తెచ్చుకోవడం నేర్పుతారు, ఆ తర్వాతే, మీరు సిద్ధమయ్యాకే, పాతదాన్ని కొద్దికొద్దిగా ముట్టుకుంటారు. నెలలు పడుతుంది. మొదట్లో కాస్త ఎక్కువైనట్టు అనిపించి చాలామంది రెండో వారంలో మానేస్తారు, అది ముందే తెలుసుకుని వెళ్ళండి. సెర్ట్రలిన్ లాంటి, డిప్రెషన్‌కూ వాడే మందులు కొందరికి బాగా ఉపయోగపడతాయి, సైకియాట్రిస్టు రాస్తేనే. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం అనే మత్తుమాత్ర మింగడం మాత్రం వద్దు. మన పల్లెల్లో అది చాక్లెట్టులా దొరుకుతోంది. ఆ రాత్రికి నిద్రొస్తుంది, నెలయ్యేసరికి అది లేకపోతే నిద్ర రాదు, అసలు గాయం మానేదీ లేదు. హిప్నాటిజంతో మర్చిపోయినవి బయటికి లాగుతామనేవాళ్ళ జోలికీ వెళ్ళకండి.

ఈలోగా రాత్రి ఉలిక్కిపడి లేస్తే, లైటు వేయండి. పాదాలు గచ్చు మీద ఆనించండి, చల్లదనం తెలియాలి. మొహాన నీళ్ళు చల్లుకోండి. ఊపిరి పీల్చుకున్నదానికంటే వదలడం నెమ్మదిగా, ఎక్కువసేపు చేయండి. "నాకు 34 ఏళ్ళు, ఇది నా ఇల్లు, పాప పక్క గదిలో ఉంది" అని పైకి అనండి. వెర్రిగా అనిపిస్తుంది, అయినా అనండి. పొత్తికడుపు కండరాలకు ప్రత్యేకంగా ఫిజియోథెరపీ ఉంది, భార్యాభర్తల కలయికలో వచ్చే నొప్పికి కూడా అది ఉపయోగపడుతుంది. అది వచ్చిన ఆడ ఫిజియోథెరపిస్టులు పెద్ద ఊళ్ళలోనే దొరుకుతారు.

భర్తకు చెప్పాలా అంటే, చెప్పడం మీ హక్కు, బాకీ కాదు. చెప్పే ముందు ఆయన ఇలాంటి వార్త టీవీలో వస్తే ఏమంటాడో గమనించండి. "ఆ పిల్లదే తప్పు" అనే మనిషైతే ఇప్పుడే వద్దు, ముందు మీకు కౌన్సెలరు తోడు కావాలి. మంచి మనిషైతే, గొడవలోనూ మంచం మీదా కాకుండా, పగటిపూట, పాప స్కూల్లో ఉన్నప్పుడు చెప్పండి. వివరాలు అక్కర్లేదు: "చిన్నప్పుడు నాకు ఒకరు అన్యాయం చేశారు. నేను బిగుసుకుపోయేది మీ వల్ల కాదు. నేను ఆగమంటే ఆగాలి." ఎవరని అడుగుతారు. ఆ పేరు ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. పేరు వినగానే కత్తి పట్టుకుని బయల్దేరే రకమైతే ముందు ఆలోచించుకోండి, జైలుకు వెళ్ళేది ఆయనవుతాడు.

కేసు గురించి మీరు అడగలేదుగానీ చెప్తాను. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది, ఆ తర్వాత జరిగినవాటికే అది వర్తిస్తుంది. మీది అంతకు ముందుది కాబట్టి అప్పటి శిక్షాస్మృతి వర్తిస్తుంది. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. మీకు జరిగింది ఏ సెక్షను కిందికి వస్తుందో వకీలు చెప్పాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేయొచ్చు. కేసు పెడితేనే కోలుకుంటారని లేదు, పెట్టకపోతే పిరికివాళ్ళనీ కాదు. కానీ ఆయన ఇప్పుడు ఏ పిల్లల దగ్గర ఉంటున్నాడో ఒకసారి ఆలోచించండి. ఇప్పుడున్న పిల్లల్లో ఎవరికైనా అలా జరుగుతోందని తెలిస్తే పోలీసులకు చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైను 1098కి కూడా చేయొచ్చు.

ఇక సంక్రాంతి. నేను మెత్తగా చెప్పలేను. ఆయన మీ ఇంట్లో రాత్రి ఉండకూడదు. ముసలాడైపోయాడు, మారిపోయాడు, పండక్కి వచ్చినవాణ్ణి ఎలా కాదంటాం, ఇవన్నీ వస్తాయి. ఏదీ ఒప్పుకోకండి. మీకు కారణం చెప్పే బలం ఇంకా లేకపోతే కారణం చెప్పకండి. అమ్మకు ఫోన్ చేసి "ఈసారి మా ఇంట్లో కుదరదు" అనండి. ఎందుకంటే "కుదరదు" అనే అనండి. మూడోసారి అడిగేసరికి ఆవిడకే ఏదో తట్టవచ్చు. ప్రభల తీర్థానికి అందరూ కలిస్తే పాప మీ చేతిలోనో మీ భర్త చేతిలోనో ఉండాలి. ఎవరి ఒళ్ళో కూర్చోమనీ, ఎవరికీ ముద్దు పెట్టమనీ పాపను బలవంతం చేయొద్దు, ఆయనకే కాదు, ఎవరికీ. ఈ వారంలోనే ఒక సాయంత్రం పాపకు జడ వేస్తూ ఈ మాట చెప్పండి: "నిన్నెవరైనా ముట్టుకుంటే నీకు నచ్చకపోతే నాకు చెప్పు. ఎవరైనా సరే. అమ్మకు చెప్పొద్దన్నారంటే ముందు అదే చెప్పు. నేను నమ్ముతాను, నిన్ను తిట్టను."

చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నేను దాటలేను. ఆ ఆలోచన వచ్చిన గంటలో 14416కు చేయండి, టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైను, డబ్బులు పడవు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. చెరువులకు కొట్టే మందులు ఇంట్లో ఉంటే బయట షెడ్డులో పెట్టి తాళం మీ భర్తకు ఇచ్చేయండి. ఎందుకని అడిగితే పాప ఉంది కదా అనండి.

కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, ముందు అక్కడికి వెళ్ళండి. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి పాప స్కూలునుంచి వచ్చేసరికి తిరిగి రావచ్చు. లోపలికి వెళ్ళాక మాట పెగలకపోతే మీరు ఇక్కడ రాసినదే కాగితం మీద రాసుకెళ్ళి డాక్టరు చేతిలో పెట్టండి. పాత స్కానింగులూ రిపోర్టులూ అన్నీ తేదీల వరసన ఒక ఫైల్లో పెట్టుకుని పట్టుకెళ్ళండి, లేకపోతే మళ్ళీ మొదటినుంచి అవే పరీక్షలు రాస్తారు.